జో మెల్జీనర్: వెలుతురుతో ఇల్లు కట్టినవాడు

నాటకం చూసి ఇంటికి వచ్చాక మనకు నటులు గుర్తుంటారు. రాసినవారి పేరు కొందరికి గుర్తుంటుంది. వేదిక మీద ఆ ఇల్లు ఎవరు నిలబెట్టారు, ఆ కిటికీలోంచి సాయంకాలపు ఎండ ఎలా పడింది అని అడిగేవారు మాత్రం చాలా తక్కువ. ఈ పనిని మనం రంగాలంకరణ అంటాం. ఈ ఒక్క పనిలోనే యాభై ఏళ్లు గడిపి, రెండు వందలకు పైగా ప్రదర్శనలకు రూపం ఇచ్చి, అమెరికా నాటకరంగంలో ఎన్నో బహుమతులు అందుకున్న జో మెల్జీనర్ గురించి ఈ సంచికలో చెప్పుకుందాం.

ఆయన 1901 మార్చి 19న పారిస్ నగరంలో పుట్టారు. తల్లిదండ్రులు అమెరికావారు. తండ్రి లియో మెల్జీనర్ మనుషుల ముఖచిత్రాలు గీసే చిత్రకారుడు. తల్లి ఎల్లా పత్రికలకు వ్యాసాలు రాసేవారు. తాతగారు యూదు మతశాస్త్ర పండితుడు, సిన్సినాటిలో ఆచార్యుడు. జోకు ఎనిమిదేళ్లప్పుడు, అంటే 1909లో, కుటుంబం న్యూయార్కుకు తరలివచ్చింది. ఎనిమిదో ఏట ఊరూ, దేశమూ ఒక్కసారే మారిపోవడం అంటే ఏమిటో మన పాఠశాల పిల్లలకు విడమరచి చెప్పనక్కరలేదు.

తండ్రి దగ్గరే బొమ్మలు వేయడం నేర్చుకున్నాడు. తరవాత ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా లలితకళల అకాడమీలో చదివాడు. అక్కడ విదేశయాత్రకు ఇచ్చే ఉపకారవేతనం సంపాదించి ఐరోపా చుట్టి వచ్చాడు. మధ్యలో, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో, కొద్దికాలం సైన్యంలో పనిచేశాడు. అతని కోరిక చిత్రకారుడు కావాలనే. కానీ అన్న నాటకాల్లో వేషాలు వేస్తూ కెన్నెత్ మెకెన్నా అనే పేరుతో నిలదొక్కుకుంటున్నాడు. ఆ అన్న చలవతోనే 1921లో డెట్రాయిట్ నగరంలో జెస్సీ బాన్‌స్టెల్ అనే ఆవిడ నడిపే నాటక కంపెనీలో జోకు పని దొరికింది. అలాంటి కంపెనీల్లో నాటకం వెంట నాటకం మారిపోతూ ఉంటుంది. ఇవాళ గోడకు రంగు వేసినవాడే రేపు చిన్న వేషం వేయాలి, ఎల్లుండి తెర లాగాలి. కళాశాల నేర్పని చదువు అది.

న్యూయార్కుకు తిరిగివచ్చి థియేటర్ గిల్డ్ అనే సంస్థలో చేరాడు. లీ సైమన్‌సన్, రాబర్ట్ ఎడ్మండ్ జోన్స్ అనే ఇద్దరు పేరున్న రంగాలంకర్తల దగ్గర శిష్యరికం చేశాడు. 1924లో, ఇరవై మూడేళ్ల వయసులో, 'ది గార్డ్స్‌మన్' అనే నాటకానికి సొంతంగా సెట్టు వేశాడు. బ్రాడ్‌వేలో అదే అతని మొదటి పని. న్యూయార్కులో పెద్ద నాటకశాలలన్నీ ఆ వీధి చుట్టుపక్కలే ఉండడంవల్ల అక్కడి వృత్తి నాటకరంగానికే బ్రాడ్‌వే అన్న పేరు స్థిరపడింది.

అప్పటి పరిస్థితి కొంచెం తెలిస్తేనే ఆయన చేసినదేమిటో అర్థమవుతుంది. మన తెలుగు నాటక కంపెనీల సంగతి తాతయ్యలను అడగండి. దర్బారు తెర, అడవి తెర, వీధి తెర అని రంగులు పూసిన పెద్ద తెరలు కంపెనీ వెంట ఊరూరా తిరిగేవి. హరిశ్చంద్రుడికీ అదే అడవి, రాముడికీ అదే అడవి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభివారు ఆ తెరలతోనే ఇప్పటికీ అద్భుతాలు చేస్తారు. పాశ్చాత్య దేశాల్లోనూ చాలాకాలం అలాంటి తెరలే నడిచాయి. తరవాత అచ్చమైన గదిలాగే గోడలు, తలుపులు, బల్లలు వేదిక మీదికి వచ్చాయి. ఇంగ్లండులో గోర్డన్ క్రెయిగ్, స్విట్జర్లాండులో అడాల్ఫ్ ఆపియా ఈ రెండింటినీ కాదని, వేదిక మీద అసలు పని వెలుతురుది, నీడది అని వాదించారు. జోన్స్ ఆ దారివాడు. ఆ గాలే శిష్యుడికీ సోకింది.

1929లో ఎల్మర్ రైస్ రాసిన 'స్ట్రీట్ సీన్' వచ్చింది. నాటకమంతా ఒక పాత అద్దెయింటి ముందు, మెట్ల మీద, కిటికీల్లో జరుగుతుంది. మెల్జీనర్ వేదిక నిండా ఆ ఇంటి ముఖాన్ని నిలబెట్టాడు. అలాంటి ఇళ్ల ముందు రోజూ నడిచిపోయే జనం టికెట్టు కొనుక్కుని వచ్చి దాన్ని చూశారు! 1935లో 'వింటర్‌సెట్' నాటకానికి బ్రూక్లిన్ వంతెన కింది నదీతీరం వేశాడు. వంతెన మొదలు ఒకటి చీకట్లోకి ఏటవాలుగా లేచిపోతూ, కింద మనుషులు చీమల్లా కనిపించేవారు. అప్పటికే ఏటికి అయిదారు నాటకాలు చేసేంత పని ఆయన చేతిలో ఉండేది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ విద్య ఇంకో రకంగా ఉపయోగపడింది. ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు చూపించడం నాటకంవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య కదా. సైన్యంవారు ఆయన్ని శత్రువిమానాలకు స్థావరాలు కనబడకుండా కప్పిపుచ్చే పనిలో పెట్టారు. 1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి పుట్టిన మహాసభకు వేదికను తీర్చిదిద్దినదీ ఆయనే. మన దేశం తరఫున ఆర్కాట్ రామస్వామి మొదలియార్ నాయకత్వంలో ప్రతినిధులు వెళ్లి పాల్గొన్న సభ అది.

ఇక అసలు సంగతికి వద్దాం. ఆ రోజుల్లో టెనెస్సీ విలియమ్స్ అనే యువ రచయిత 'ది గ్లాస్ మెనాజరీ' అనే నాటకం రాశాడు. కథానాయకుడు తన పాత ఇంటిని, తల్లిని, చెల్లెల్లాంటి అక్కను జ్ఞాపకం చేసుకుంటూ ఉంటాడు. జ్ఞాపకంలో గోడలు గట్టిగా ఉండవు. దాన్ని ఎలా చూపించాలి? మెల్జీనర్ గోడలను పల్చటి జాలీ గుడ్డతో చేశాడు.

ఈ కిటుకు మనకు కొత్త కాదు. రాత్రి గదిలో దీపం వెలుగుతూ ఉంటే, బయటివాడికి దోమతెర తెల్లటి గోడలా కనిపిస్తుంది. గదిలో దీపం ఆర్పి దోమతెర లోపల చిన్న లైటు వేస్తే, గుడ్డ మాయమై లోపల పడుకున్నవాడు కనిపిస్తాడు. మన తోలుబొమ్మలాటలోనూ దీపం తెరకు వెనక ఉంటుంది కనకనే బొమ్మ రంగులతో వెలుగుతుంది. అలాంటి గుడ్డ మీద ఇటుక గోడ బొమ్మ వేశారనుకోండి. ముందు నుంచి లైటు పడితే అది ఇటుక గోడే. ముందు లైటు తగ్గించి వెనక లైటు పెంచుతూ పోతే గోడ కరిగిపోయి వెనక గదిలో భోజనం బల్ల, దాని చుట్టూ మనుషులు తేలి వస్తారు. సుత్తి దెబ్బ లేదు, చప్పుడు లేదు, ఎవరూ ఏదీ జరపలేదు. అందుకే ఆయన సెట్టుతోపాటు లైటింగు కూడా సాధారణంగా తానే చేసుకునేవాడు. రెండూ ఒకే బొమ్మలో భాగాలు. లైట్లు తయారుచేసే ఎడ్డీ కుక్ అనే మిత్రుడు ఆయనకు కావలసిన పరికరాలు సమకూర్చేవాడు. 1947లో విలియమ్స్ మరో నాటకం 'ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్'కు కూడా ఇదే పద్ధతి. రెండు గదుల ఇంటి వెనక గోడ కరిగితే న్యూ ఆర్లియన్స్ వీధి కనిపించేది.

1948లో ఆర్థర్ మిల్లర్ కొత్త నాటకం 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్' ప్రతి ఆయన చేతికి వచ్చింది. విల్లీ లోమన్ అనే ముసలి సేల్స్‌మన్ కథ. బ్యాగులు మోసుకుని ఊళ్లు తిరిగి తిరిగి అలిసిపోయినవాడు. వాయిదాల మీద కొనుక్కున్న ఇల్లు ఒకటే ఆయన ఆస్తి. కొన్నప్పుడు చుట్టూ చెట్లు, గాలి, ఎండ. ఇప్పుడు నాలుగు పక్కలా పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు లేచి ఆకాశాన్ని మింగేశాయి. విల్లీ మనసు ఒక్క మాట మధ్యలోనే ఇప్పటి నుంచి ఇరవై ఏళ్ల వెనక్కి జారిపోతుంది, మళ్లీ వస్తుంది. కాగితం మీద నలభైకి పైగా చిన్న చిన్న రంగాలు. ప్రతిసారీ తెర దించి, సామాను మార్చి, తెర ఎత్తితే నాటకం చచ్చి ఊరుకుంటుంది. మిల్లర్ అయితే ఖాళీ అరుగులు మూడు చాలనుకుని రాశాడు.

మెల్జీనర్ రంగాలన్నిటినీ విడదీసి రాసుకుని, మళ్లీ మళ్లీ చదివి ఒక సంగతి పట్టుకున్నాడు. ఈ నాటకంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇల్లు. కనక ఇంటిని మొదటి నుంచి చివరి దాకా వేదిక మధ్యలోనే ఉంచేద్దాం, మిగతా చోట్లన్నీ, హోటలు గదీ, ఆఫీసూ, దాని ముందున్న ఖాళీ జాగాలోనే వెలుతురుతో పుట్టించి వెలుతురుతోనే తీసేద్దాం అన్నాడు. చెప్పడానికి తేలికే. కానీ దానివల్ల మిల్లర్ కొన్ని రంగాలు తిరగరాయాలి, దర్శకుడు ఇలియా కజాన్ తన పథకం మార్చుకోవాలి, నిర్మాత ప్రదర్శన తేదీ వాయిదా వేసుకోవాలి. నాటకశాల అద్దెలు, నటుల జీతాలు ఉన్నచోట తేదీ జరపమని అడగడానికి గుండెధైర్యం కావాలి. రచయిత రాసినదానికి బొమ్మ వేయవలసిన మనిషి రచయితనే మార్చుకోమంటున్నాడు! ముగ్గురూ ఒప్పుకున్నారు. అడిగినవాడి గొప్ప ఎంతో, ఒప్పుకున్నవారి గొప్పా అంతే అని మాకనిపిస్తుంది.

ఆ ఇల్లు ఎముకల గూడు లాంటిది. కప్పు ఉండవలసిన చోట కప్పు గీత మాత్రమే. వంటగదికి గోడలు లేవు. వెనక పల్చటి తెర మీద అపార్ట్‌మెంట్ల బొమ్మలు. విల్లీ గతంలోకి జారినప్పుడు ఆ కట్టడాలు మెల్లగా కరిగిపోయేవి. దీపపు యంత్రాలతో ఆకుల నీడలు ఇంటి మీద, వేదిక మీద పరుచుకునేవి. ప్రేక్షకుడికి ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకుండానే పాతకాలం వచ్చేసిందని తెలిసేది. ఇంకొక చిక్కు ఉంది. మేడ మీద గదిలో విల్లీ కొడుకులిద్దరూ పెద్దవాళ్లుగా మంచాల మీద పడుకుని ఉంటారు. మరుక్షణం కింద పెరట్లో బడిపిల్లలుగా పరుగెత్తుకు రావాలి. అందుకని మంచాల్లోనే లిఫ్టులు అమర్చాడు. దుప్పటి కింద పడుకున్న నటుడు ప్రేక్షకుల కంటపడకుండా కిందికి దిగి, బట్టలు మార్చుకుని బయటికి వచ్చేవాడు.

1949 ఫిబ్రవరి 10న న్యూయార్కు మొరాస్కో థియేటర్లో తెర లేచింది. 742 ప్రదర్శనలు జరిగాయి. రచయితకు పులిట్జర్ బహుమతి వచ్చింది. సొంతిల్లు లేకుండా క్వార్టర్ల నుంచి క్వార్టర్లకు మారే మనబోటివారికి ఈ నాటకం ఇంకోలా తాకుతుంది. కొత్త ఇంట్లో పడుకున్నప్పుడు పాత ఇంటి కిటికీ కనిపించడం, పాత ఊరి చెట్టు నీడ కొత్త గోడ మీద కదలడం మనకు తెలియనివి కావు.

ఆ ఏడాదే 'సౌత్ పసిఫిక్' అనే సంగీత నాటకం కూడా ఆయన చేతి మీదుగా వచ్చింది. ఒక రంగం మసకబారుతూ ఉండగానే దాని లోపలి నుంచి తరవాతి రంగం తేలి వచ్చేది, సినిమాలోలాగ. 'గైస్ అండ్ డాల్స్', 'ది కింగ్ అండ్ ఐ', 'జిప్సీ' వంటి సంగీత నాటకాలూ ఆయనవే. 1949లో ఆ సంవత్సరపు కృషి మొత్తానికి టోనీ పురస్కారం ఇచ్చారు. 'పిక్నిక్' నాటకానికి సెట్టు వేసిన ఆయనే 1955లో అది సినిమాగా వచ్చినప్పుడూ పనిచేసి, మరి ఇద్దరితో కలిసి ఆస్కార్ పంచుకున్నాడు.

అన్నీ గెలుపులే అని రాస్తే అబద్ధమవుతుంది. న్యూయార్కు లింకన్ సెంటర్లో వివియన్ బోమాంట్ థియేటర్ కట్టే పనిలో ప్రసిద్ధ వాస్తుశిల్పి ఈరో సారినెన్‌తో కలిసి ఏళ్లతరబడి శ్రమించాడు. సారినెన్ 1961లోనే కన్నుమూశాడు. 1965లో థియేటర్ తెరిచారు. పాత పద్ధతి చట్రపు వేదిక, ప్రేక్షకుల మధ్యలోకి చొచ్చుకువచ్చే వేదిక, రెండూ ఒకేచోట కుదరాలని చూడడంవల్ల ఏదీ సరిగా కుదరలేదని విమర్శలు వచ్చాయి. నాటకాల తీరు కూడా మారిపోయింది. పల్చటి తెరలు, కరిగే గోడలు పాతబడిపోయాయన్నారు. అరవై దాటిన మనిషికి అది తేలిక కాదు. అయినా పని ఆపలేదు. 1970లో 'చైల్డ్స్ ప్లే' అనే నాటకానికి సెట్టుకు ఒకటి, లైటింగుకు ఒకటి, రెండు టోనీలు అందుకున్నాడు. లైటింగుకు టోనీ ఇవ్వడం ఆ ఏడే మొదలు. 1976 మార్చి 15న న్యూయార్కులో ట్యాక్సీలో వెళుతూ ఉండగా ప్రాణం విడిచాడు. ఇంకో నాలుగు రోజులైతే డెబ్బై అయిదు నిండేవి.

ఈ వృత్తిలో ఒక బాధ ఉంది. కవి పద్యం పుస్తకంలో ఉంటుంది, శిల్పి బొమ్మ గుడిలో ఉంటుంది. నాటకం ఆగిపోయిన మర్నాడే సెట్టు ముక్కలైపోతుంది. మిగిలేది కాగితం మీది బొమ్మలే. మెల్జీనర్ బొమ్మలు, నమూనాలు న్యూయార్కు పబ్లిక్ లైబ్రరీవారి ప్రదర్శనకళల గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. ఆ గ్రంథాలయం ఉన్నది విమర్శలు తెచ్చిపెట్టిన ఆ బోమాంట్ థియేటర్ కట్టడంలోనే.

2012లో మైక్ నికోల్స్ అనే దర్శకుడు 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్'ను మళ్లీ బ్రాడ్‌వేకు తెచ్చినప్పుడు కొత్త సెట్టు గీయించలేదు. 1949 నాటి మెల్జీనర్ సెట్టునే మళ్లీ కట్టించాడు. అవే అపార్ట్‌మెంట్లు మళ్లీ కరిగాయి, అవే ఆకుల నీడలు మళ్లీ ఆ ఇంటి మీద పడ్డాయి.