నిండు పదవిని వీడిన రామానందరాయలు

గౌతమీ తీరమున రాజమహేంద్రవరమునకు ఎదుటి గట్టున కొవ్వూరు కలదు. అచ్చటి గోష్పాద క్షేత్రమున స్నానమాడు యాత్రికులలో పలువురు, శ్రీకృష్ణచైతన్య మహాప్రభువును రామానందరాయలు తొలిసారి దర్శించినది ఆ తీరముననే యని పెద్దల వలన విని యుందురు. ఆ సమాగమమున వెలువడిన భక్తి సిద్ధాంతము లోకప్రసిద్ధము. దాని ఫలముగా ఒక రాజ్యాధికారి తన నిండు పదవిని తానై వదలుకొనిన వృత్తాంతము మాత్రము అంతగా స్మరింపబడుట లేదు. సంసార భారము మోయువారికి అందు గ్రహింపదగినది ఎంతయో కలదు.

రామానందరాయలు ఉత్కళ దేశీయుడు. భవానందరాయల ఐదుగురు కుమారులలో ఒకడు. 1497 మొదలు 1540 వరకు కటకము నుండి రాజ్యమేలిన గజపతి ప్రతాపరుద్రుని కొలువున ఆ కుటుంబము వారు ఉన్నతోద్యోగములు నిర్వహించిరి. రామానందుడు రాజమహేంద్రికి పాలకుడై యుండెను. రాజ్యమునకు దక్షిణ దిశను కాపాడు ఆ సీమ గజపతులకు మిగుల ముఖ్యమైనది. పన్నుల రాబడి, కోటల రక్షణ, సైన్యముల పోషణ ఇత్యాది భారములు మోయు అధికారి అంతరంగమున రసికుడైన భక్తుడని పూరీలోని సార్వభౌమ భట్టాచార్యుడు ఎరుగును. మహాప్రభువు దక్షిణ యాత్రకు బయలుదేరునపుడు రామానందుని తప్పక కలిసికొమ్మని ఆ పండితుడే ప్రార్థించెను.

1510లో మహాప్రభువు శ్రీకూర్మమును, సింహాచలమును సేవించి గోదావరిని చేరెను. రాయలు పల్లకి నెక్కి, మంగళవాద్యములు మ్రోయుచుండగా, బ్రాహ్మణులు వెంట రాగా, స్నానమునకై రేవునకు వచ్చెను. ఒడ్డున కూర్చుండిన యతిని చూచి ఆయన పల్లకి దిగి సాష్టాంగపడెను. యతి ఆయనను లేవనెత్తి కౌగిలించుకొనెను. తేజోమూర్తియైన సన్న్యాసి ఒక రాజోద్యోగిని హత్తుకొని కన్నీరు కార్చుట కాంచి పరివారమెల్ల విస్మయము నొందెను.

పిదప పది రాత్రులు వారిరువురకు ఏకాంత గోష్ఠి జరిగెను. జీవునకు పరమ సాధ్యమేదియని మహాప్రభువు ప్రశ్నించెను. వర్ణాశ్రమ ధర్మము మొదలుకొని కర్మఫలార్పణము, శరణాగతి, శుద్ధభక్తి, దాస్యము, సఖ్యము, వాత్సల్యము, మధురభావము అను మెట్లన్నింటిని దాటించి రామానందుడు రాధాప్రేమ వరకు వివరించెను. అడుగువాడు సన్న్యాసి, చెప్పువాడు గృహస్థుడు. కృష్ణతత్త్వము నెరిగినవాడే గురువు, ఆశ్రమమేదైనను సరియే యని మహాప్రభువు స్థిరపరచెను. సెలవు తీసికొనునపుడు, రాజకార్యములను చాలించి నీలాచలమునకు రమ్మని, అచ్చట ఉభయులు కలిసి కృష్ణకథతో కాలము గడుపవచ్చునని ఆయన ఆదేశించెను.

ఆదేశము లభించిన మరునాడే రాయలు కాషాయము ధరించి ఎచటికిని పోలేదు. రాజు అప్పగించిన సీమను రాజాజ్ఞ లేక విడుచుట ధర్మము కాదు. కావున ప్రతాపరుద్రునకు వినయముగా విన్నపము పంపి అనుజ్ఞకై వేచి యుండెను. దాదాపు రెండేండ్ల పిదప మహాప్రభువు దక్షిణము నుండి కృష్ణకర్ణామృతము, బ్రహ్మసంహిత అను గ్రంథములతో మరలి వచ్చునప్పటికి రాజానుజ్ఞ లభించెను. రాయలు ఆ గ్రంథములకు ప్రతులు వ్రాసికొనెను. తన వెంట ఏనుగులు, గుఱ్ఱములు, సైనికులు, వారి కోలాహలము ఉండునని, అది యతికి తగదని తలచి మహాప్రభువును ముందుగా సాగనంపెను. పది దినములలో సర్వము సమకూర్చుకొని తానును బయలుదేరెను.

అప్పటికి తండ్రి భవానందుడు జీవించియే యుండెను. రాయలు ముదిమి పైబడి కొలువు విడిచినవాడు కాడు. రాజు కినుకతో తొలగించినవాడును కాడు. ఆయన కోరికను విని ప్రతాపరుద్రుడు సంతోషముతో ఆలింగనము చేసికొని, పూర్వపు వేతనమును యథాతథముగా అనుభవించుచు నిశ్చింతగా చైతన్య చరణములను సేవింపుమని పంపెను. చైతన్య చరితామృతము ఈ సంగతిని స్పష్టముగా తెలుపుచున్నది. ఏలికకు లోటు తలపెట్టక, చెప్పి, అనుమతి పొంది, సమ్మానముతో తొలగిన విరమణ మిది.

పూరీలో రాయలు ఊరక కూర్చుండలేదు. రాజదర్శనమునకు సమ్మతింపని మహాప్రభువు మనస్సును మెల్లమెల్లగా కరిగించి ప్రతాపరుద్రునకు అనుగ్రహము సమకూర్చినవారిలో ఆయన ముఖ్యుడు. జగన్నాథవల్లభమను సంస్కృత నాటకమును రచించి, దాని అభినయమును దేవదాసీలకు స్వయముగా నేర్పెను. కృష్ణకథ వినగోరి వచ్చిన ప్రద్యుమ్నమిశ్రుడు దీనిని చూచి శంకించెను. రాయల చిత్తము నిర్వికారమని మహాప్రభువే చెప్పి ఆయనను మరల పంపవలసి వచ్చెను. మహాప్రభువు కృష్ణవిరహ వేదనతో గంభీరలో గడపిన చివరి సంవత్సరములలో రాత్రివేళల ఓదార్పు పలికినవారు స్వరూపదామోదరుడు, రామానందుడు. కొలువున నేర్చిన నేర్పు, నిబ్బరము దైవసేవకు వినియోగపడెను.

సోదరుడు గోపీనాథ పట్టనాయకుని కథ వేరు. అతడు మాలజాఠ్యా దండపాటమున అధికారియై, రాజునకు రెండు లక్షల కాహణముల కవడలు బాకీపడెను. రాజపుత్రుని కోపమునకు గురియై, క్రింద కత్తులు నిలిపిన మంచెపైకి ఎక్కింపబడెను. మహాప్రభువు ఈ రాజకీయమున జోక్యము చేసికొనుటకు అంగీకరింపలేదు. తుదకు రాజు కనికరించి ప్రాణము కాచెను. బాకీని మాన్పి, పదవిని మరల నిచ్చి, వేతనమును రెట్టింపు చేసెను. అంతట గోపీనాథుడు, రామానందునకు, మరియొక సోదరుడు వాణీనాథునకు కలిగిన వైరాగ్యమును తనకును ప్రసాదింపుమని వేడుకొనెను. ఐదుగురును విరక్తులైనచో కుటుంబమును పోషించువారెవ్వరని మహాప్రభువు అడిగెను. రాజధనమును ముట్టక, రాజునకు చెల్లవలసినది చెల్లించి, మిగిలిన దానినే ధర్మకార్యములకు వెచ్చింపవలెనని బోధించెను.

ఒకే తండ్రి బిడ్డలలో ఒకనికి కొలువు చాలింపుమనియు, మరియొకనికి కొలువున నిలిచి ధర్మము తప్పకుమనియు ఆజ్ఞ లభించెను. పదవిని విడుచుటయే భక్తి యని గాని, నిలుపుకొనుటయే ధర్మమని గాని అందరికి ఒకే విధి లేదు. ఇంటి భారము వహించువారు వేరే యున్నారా, విడిచిన కాలము దేనికి వినియోగపడును అను రెండు ప్రశ్నలకు సమాధానము కలవాడే ధైర్యముగా తొలగవచ్చును. రామానందునకు ఆ రెండును సిద్ధముగా నుండెను.

ఆయన రాజమహేంద్రిని వీడిన కొలది యేండ్లకే శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని జయించి, గోదావరి సీమను దాటి 1516లో సింహాచలేశుని సేవించెను. సంధి కుదిరిన పిదప కృష్ణకు ఉత్తరమునగల భూములు గజపతికి తిరిగి లభించెను. రాజ్యములు ఇట్లు చేతులు మారుచుండగా, రాయలు నీలాచలమున హరికథ చెప్పుచుండెను. పూరీకి పోవు యాత్రికులు రాధాకాంత మఠములోని గంభీరను దర్శించునపుడు, ఆ చిన్న గదిలో రాత్రులు మేల్కొని యుండుటకై ఒక మహానుభావుడు సీమాధిపత్యమును సంతోషముతో విడిచి వచ్చెనని తలచుకొనవలెను.