పారిజాతాన్ని పలకరించిన వైద్యుడు

పెరట్లో పారిజాతం ఉంటే తెల్లారేసరికి నేలంతా పూలే. తెల్లని రేకులు, కాషాయ రంగు కాడ. సుమారు 460 ఏళ్ల క్రితం ఆ కాడ గురించి ఆరా తీసి పుస్తకంలో రాసిన పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్టా.

1500 ప్రాంతంలో పోర్చుగల్‌లో పుట్టారు. యూదులైన తల్లిదండ్రులు బలవంతపు మతమార్పిడికి గురైనవారు. స్పెయిన్‌లో వైద్యం చదివి, లిస్బన్‌లో పాఠాలు చెప్పి, 1534లో గోవా చేరారు. అహ్మద్‌నగర్ సుల్తాను బుర్హాన్ నిజాం షాకూ వైద్యం చేశారు.

ఆనాటి యూరప్ వైద్యులకు పాత గ్రంథాల మాటే ప్రమాణం. ఓర్టా మాత్రం స్థానిక వైద్యులను, వర్తకులను అడిగారు. మొక్కలను స్వయంగా పరిశీలించారు. కలరా రోగి లక్షణాలనూ దగ్గరుండి గమనించి నమోదు చేశారు. ఇదంతా సంభాషణల రూపంలో 1563లో గోవాలో పుస్తకంగా అచ్చయింది. అందులో పారిజాతానికీ ఒక అధ్యాయం ఉంది. రాత్రి పూసి పొద్దున్నే రాలిపోయే తీరు, సూర్యుణ్ని ప్రేమించి భంగపడిన యువతి బూడిద నుంచి ఈ చెట్టు పుట్టిందన్న కథ, పూల కాడలతో వంటలకు కుంకుమపువ్వులా రంగు వేసే అలవాటు, అన్నీ రాశారు.

ఓర్టా 1568లో కన్నుమూశారు. రహస్యంగా యూదు మతం పాటించారంటూ ఇన్‌క్విజిషన్ అనే మత న్యాయస్థానం మరుసటి ఏడాది ఆయన సోదరి కాతరీనాకు దహనశిక్ష వేసింది. 1580లో ఆయన ఎముకలను సమాధి నుంచి తవ్వి తీసి మరీ కాల్చారు. కానీ పుస్తకాన్ని ఆపలేకపోయారు. 1567లోనే దాని లాటిన్ సంక్షిప్త రూపం యూరప్‌లో వెలువడింది.

ఆ కాడ రంగు రహస్యాన్ని తర్వాత రసాయన శాస్త్రం విప్పింది. అందులో ఉన్నవి క్రోసిన్ తరహా కెరొటినాయిడ్లు. కుంకుమపువ్వుకు రంగునిచ్చేవీ అవే. ఆకుల్లో ఇరిడాయిడ్ గ్లైకోసైడ్లు, ఫ్లేవనాయిడ్లు ఉంటాయి. ఆయుర్వేదం ఈ ఆకుల కషాయాన్ని సయాటికాకు, కీళ్ల నొప్పులకు, జ్వరాలకు వాడుతుంది. ఆకుల సారానికి వాపు తగ్గించే గుణం ఉన్నట్టు జంతువులపై ప్రయోగాల్లో కనిపించింది. మనుషుల్లో ఎంత మోతాదు, ఎన్నాళ్లు అనేది తేల్చే పెద్ద పరీక్షలు మాత్రం తక్కువే.

మా ఓపీకి వచ్చేవారిలో జ్వరానికి నాలుగైదు రోజులు కషాయాలతో సరిపెట్టుకున్నవారు కనిపిస్తుంటారు. డెంగీ, మలేరియాల్లో ఆ ఆలస్యమే ప్రాణం మీదికి తెస్తుంది. జ్వరం రెండు రోజులు దాటితే రక్తపరీక్ష చేయించండి. నడుము నుంచి కాలిలోకి పాకే నొప్పితో పాటు కాలు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా వెంటనే ఆసుపత్రికి రండి. గర్భిణులు, షుగర్‌కో బీపీకో మందులు వాడేవారు డాక్టర్‌ను అడగకుండా కషాయం తాగొద్దు. తాగుతుంటే దాచకుండా చెప్పండి, మేం కోప్పడం.

అడగడం, గమనించడం, ఆ తర్వాతే నమ్మడం. ఓర్టా చేసింది అదే. పారిజాతం విషయంలో మనమూ చేయాల్సింది అదే.