షుగర్ పేషెంట్ల ఇళ్లకే నర్సులను పంపిన డాక్టర్.. వందేళ్ల కిందటే! ఎవరీ జోస్లిన్?

సిరిసిల్లలో మరమగ్గం ముందు షిఫ్టంతా నిలబడే కార్మికుడు. కోరుట్లలో చాట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టే అక్క. జగిత్యాల నుంచి గల్ఫ్‌కు పోయి షుగర్‌తో తిరిగొచ్చిన అన్న. ముగ్గురికీ గోలీలు దొరుకుతాయి. కానీ మూడు పూటలా అన్నమే తినే ఇంట్లో ఏం మార్చాలి, కాలికి చిన్న పుండైతే ఎందుకు భయపడాలి, సూది పేరెత్తితే ఎందుకు వణకాల్సిన పనిలేదు.. ఇవన్నీ కూర్చోబెట్టి చెప్పేవాళ్లు తక్కువ.

ఆ చెప్పడమే అసలు వైద్యం అని నమ్మి, జీవితమంతా దానికే ఇచ్చిన డాక్టర్ ఒకాయన ఉన్నారు. పేరు ఇలియట్ జోస్లిన్. అమెరికాలోని బోస్టన్‌లో 60 ఏళ్లకు పైగా షుగర్ రోగులనే చూశారు.

చెప్పుల ఫ్యాక్టరీ ఓనర్ కొడుకు

జోస్లిన్ 1869 జూన్ 6న మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రికి బూట్లు తయారు చేసే ఫ్యాక్టరీ ఉండేది. డబ్బుకు లోటు లేదు. యేల్‌లో చదివి, 1895లో హార్వర్డ్ నుంచి డాక్టర్ పట్టా తీసుకున్నారు.

ఇంకా స్టూడెంట్‌గా ఉన్నప్పుడే, 1893లో మేరీ హిగిన్స్ అనే టీనేజ్ అమ్మాయిని చూశారు. ఆమెకు షుగర్. అప్పట్లో ఆ వయసులో షుగర్ వచ్చిందంటే బతుకు మీద ఆశ వదులుకోవాల్సిందే. జోస్లిన్ ఆమె వివరాలన్నీ ఒక పుస్తకంలో రాసి పెట్టుకున్నారు. కేసు నంబర్ 1 ఆమెదే. తర్వాత ఆయన దగ్గరికి వచ్చిన ప్రతి షుగర్ పేషెంట్ పేరూ ఆ లెడ్జర్‌లోకి ఎక్కింది. మనిషిని చూసి మర్చిపోకుండా, ఏళ్ల తరబడి ఎలా ఉన్నారో వెంటపడి తెలుసుకోవడం ఆయనకు అలవాటైంది.

అమ్మకే షుగర్ వచ్చింది

ప్రాక్టీస్ పెట్టిన కొత్తలోనే మరో దెబ్బ. ఆయన తల్లి సారాకు షుగర్ అని తేలింది. ఇప్పుడు పేషెంట్ సొంత అమ్మ.

అప్పటికి ఇన్సులిన్ లేదు. చేతిలో ఉన్న మందు తిండి ఒక్కటే. ఏం తినాలి, ఎంత తినాలి అని లెక్క చూస్తూ, తల్లిని దగ్గరుండి చూసుకున్నారు. ఆమె పదేళ్లకు పైగా బతికారు. షుగర్ పేషెంట్‌కు రోజూ ఎదురయ్యే పోరాటం ఆస్పత్రిలో కాదు, వంటింట్లో అని జోస్లిన్‌కు అక్కడే అర్థమైంది.

1916లో తాను చూసిన 1,000 కేసుల అనుభవంతో డాక్టర్ల కోసం పెద్ద పుస్తకం రాశారు. రెండేళ్లకే, 1918లో ఇంకో పుస్తకం తెచ్చారు. ఇది పేషెంట్ల కోసం కూడా! రోగికి రోగం గురించి చెప్పాల్సిన పనేముంది అనుకునే రోజుల్లో, తన జబ్బు గురించి పేషెంట్‌కే ఎక్కువ తెలియాలి అన్నది ఆయన పట్టు.

ఆకలితో బతికించిన రోజులు

ఇన్సులిన్ రాకముందు రోజులు ఘోరంగా ఉండేవి. షుగర్ పెరగకుండా ఉండాలంటే తిండి కోసేయడమే దారి. పిల్లలు ఎముకల గూడులా అయిపోయేవాళ్లు. జోస్లిన్ కూడా ఇదే పద్ధతి పాటించారు. ఇంకో మార్గం లేదు మరి.

1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ బృందం ఇన్సులిన్ కనిపెట్టింది. 1922 ఆగస్టు 7న జోస్లిన్ తొలిసారి ఆ సూది వేశారు. వేయించుకున్నది ఎలిజబెత్ మడ్జ్ అనే నర్సు. ఐదేళ్లుగా షుగర్‌తో ఉన్న ఆమె బరువు అప్పటికి దాదాపు 32 కిలోలే. గదిలోంచి బయటికి రాలేని స్థితి. కొన్ని వారాల్లోనే మళ్లీ లేచి నడిచారు!

మన ఎల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో పరిశోధనలు చేసిన 1920ల బోస్టన్ కూడా ఇదే.

సూది వచ్చింది.. పని పెరిగింది

ఇన్సులిన్ రాగానే గెలిచేశాం అనుకున్నవాళ్లు చాలామంది. జోస్లిన్ అలా అనుకోలేదు. సూది ఎవరు వేయాలి? ఎంత వేయాలి? వేసుకున్నాక తినకపోతే? జ్వరం వస్తే?

అందుకే నర్సులకు ప్రత్యేకంగా ట్రైనింగ్ ఇచ్చి పేషెంట్ల ఇళ్లకు పంపారు. వాళ్లు ఇంట్లో ఉండి సూది వేసుకోవడం, మూత్రం పరీక్ష చేసుకోవడం, తిండి కొలుచుకోవడం నేర్పేవాళ్లు. ఇవాళ డయాబెటిస్ ఎడ్యుకేటర్లు అంటున్నది ఈ పనినే.

షుగర్ కంట్రోల్‌ను ఆయన మూడు గుర్రాల రథంతో పోల్చేవారు. తిండి, ఇన్సులిన్, వ్యాయామం.. మూడూ కలిసి లాగాలి. పగ్గాలు మాత్రం పేషెంట్ చేతిలోనే ఉండాలి.

బూట్ల ఫ్యాక్టరీ ఇంట్లో పుట్టిన ఈయన కాళ్ల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టారు. షుగర్ ఉంటే కాలు తీసేయాల్సిందే అని జనం అనుకునే కాలంలో, రోజూ కడిగి, చూసుకుని, గోళ్లు జాగ్రత్తగా తీసుకుంటే చాలా కాళ్లు కాపాడవచ్చని చెప్పారు. ఆస్పత్రిలో పాదాల సంరక్షణకు, సర్జన్లతో కలిసి ఏర్పాట్లు చేయించారు.

1924లో ఆయన బృందంలో చేరిన డాక్టర్ ప్రిసిల్లా వైట్ షుగర్ ఉన్న పిల్లలను, గర్భిణులను చూసే బాధ్యత తీసుకున్నారు. షుగర్ ఉన్న ఆడపిల్లల కోసం 1932లో, మగపిల్లల కోసం 1948లో వేసవి క్యాంపులు మొదలయ్యాయి. తనలాంటి పిల్లలు ఇంకా ఉన్నారని తెలిస్తే ఆ చిన్న మనసుకు ఎంత ధైర్యం!

ఆయనలోనూ ఒక లోపం

జోస్లిన్ బాగా స్ట్రిక్ట్. షుగర్ పెరిగిందంటే పేషెంట్ క్రమశిక్షణ తప్పాడన్నట్టే చూసేవారు. అందుకే కొందరికి ఆయన దగ్గరికి వెళ్లాలంటే పరీక్ష రాసినట్టుండేది. కోప్పడితే పేషెంట్ నిజం దాస్తాడని ఇవాళ్టి వైద్యం ఒప్పుకుంటోంది.

అయితే ఆయన పట్టుదల వృథా కాలేదు. షుగర్ మరీ అంత కట్టడి చేయక్కర్లేదని 1940ల్లో చాలామంది డాక్టర్లు వాదించారు. జోస్లిన్ వెనక్కి తగ్గలేదు. ఆయన పోయిన 31 ఏళ్లకు, 1993లో 1,441 మంది టైప్ 1 పేషెంట్లపై జరిగిన పెద్ద పరిశోధన తేల్చింది ఇదే. షుగర్ అదుపులో ఉంటే కళ్లు, కిడ్నీలు, నరాలకు నష్టం బాగా తగ్గుతుంది. టైప్ 2 విషయంలోనూ 1998లో బ్రిటన్ అధ్యయనం దాదాపు ఇదే మాట చెప్పింది.

సొంత ఊరు చెప్పిన నిజం

1946-47లో ఆయన పుట్టిన ఊరు ఆక్స్‌ఫర్డ్‌లోనే 3,516 మందికి పరీక్షలు చేశారు. 70 మందికి షుగర్ ఉంది. అందులో 30 మందికి ఆ సంగతే తెలియదు!

జోస్లిన్ 1962 జనవరి 28న, 92 ఏళ్ల వయసులో కన్నుమూశారు. చివరి రోజుల దాకా పేషెంట్లను చూస్తూనే ఉన్నారు. బోస్టన్‌లో ఆయన పేరుతో ఉన్న సెంటర్ ఇప్పటికీ షుగర్ పేషెంట్లకు వైద్యం అందిస్తోంది.

మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. 30 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ పరీక్షలు చేస్తున్నారు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి అడిగితే నాకేం లేదని తప్పించుకోకండి. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే, ఈ రాత్రి పడుకునే ముందు వాళ్ల అరికాళ్లు ఒక్కసారి లైట్ వేసి చూడండి. స్పర్శ తగ్గితే ముల్లు దిగినా వాళ్లకు తెలియకపోవచ్చు. మీరు చూస్తే తెలుస్తుంది.