బ్రౌను దొర బైండు పుస్తకాలు

వారపత్రికల్లో సీరియళ్ళు చింపి, అమలాపురంలో బైండు చేయించుకున్న నవలలు మా బీరువా నిండా ఉండేవి. వెన్నుకి తోలు, దానిమీద బంగారు రంగు అక్షరాలు! 1996 నవంబరు తుఫానుకి మా పెంకులు లేచిపోయాయి. తెల్లారేసరికి పుస్తకాలన్నీ ముద్ద. నా ఏడుపు చూడలేక మా మావయ్యగారు సి.పి. బ్రౌను జీవితం చదవమని తెచ్చిచ్చారు.

ఈ దొర 1798లో కలకత్తాలో పుట్టాడు. 1817లో మద్రాసు వచ్చి, ఉద్యోగం కోసం తెలుగు నేర్చుకున్నాడు. మన రాజమండ్రిలోనూ పనిచేశాడండీ. అప్పట్లో కావ్యాలన్నీ తాటాకుల మీదే. చెదలకీ చెమ్మకీ పోతుంటే ఎవరికీ పట్టలేదు. ఆయనకి పట్టింది. కడపలో బంగళా కొని పండితుల్ని జీతాలిచ్చి పెట్టుకున్నాడు. ఒక్కో కావ్యానికి నాలుగైదు చోట్ల నుంచి ప్రతులు తెప్పించడం, తప్పులు సరిచూడడం, కాగితాల మీద చక్కగా రాయించి బైండు చేయించడం, ఇదే పని. జీతం చాలక అప్పులు కూడా చేశాడు. పెళ్ళి చేసుకోలేదు గనక సరిపోయింది గానీ, ఇల్లాలుంటే ఊరుకునేదా!

1829లో వేమన పద్యాలు, 1852లో నిఘంటువు అచ్చువేయించాడు. 1884లో లండనులో పోయాడు. ఆయన పోగుచేసిన ప్రతులు మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి.

నావి పదకొండు మిగిలాయి. అట్టలు ఊడదీసి, కాగితాలు నీడన ఆరబెట్టి, మళ్ళీ బైండింగుకి ఇచ్చాను.