వాచకం భాష కోసం పోరాడిన పర్లాకిమిడి మాస్టారు

బడిపిల్లల చేతికి ఏ వాచకం ఇవ్వాలో, అది ఏ భాషలో ఉండాలో నిర్ణయించేది సర్కారు. ఆ నిర్ణయం మార్చాలని ముప్పయ్యేళ్ల పైచిలుకు అటు ప్రభుత్వంతోను, ఇటు పండితులతోను తగువుపడిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు మన శ్రీకాకుళం జిల్లావారే.

1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో ఆయన పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో విజయనగరంలో మేనమామ ఇంట ఉండి చదువుకున్నారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయనకు తోటి విద్యార్థి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడుగా చేరారు. ఆ ఊరు నేడు ఒడిశాలో ఉంది గాని, మన పాతపట్నం పొలిమేర దాటితే అదే. అప్పట్లో అదంతా మద్రాసు ప్రభుత్వం ఏలుబడి.

ఆ చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉండేవారు. వారి పిల్లలకు తెలుగు రాదు, పంతుళ్లకు సవర రాదు. రెండు భాషలూ వచ్చిన ఒక మనిషిని రామమూర్తి తన ఇంట్లోనే పెట్టుకుని సవర నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి తిరిగి మన్యం జ్వరం తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైనుతో చెవుడు వచ్చింది. అయినా పని మానలేదు. సవర భాషలోనే వాచకాలు రాశారు, బడులు పెట్టి అధ్యాపకులకు జీతాలిచ్చారు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలు అచ్చువేసి ప్రతిఫలం ఇవ్వబోతే, తనకు వద్దని, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమని కోరారు.

సవర పిల్లల ఇబ్బంది చూసిన మాస్టారికి తెలుగు పిల్లల ఇబ్బంది కనబడకుండా ఉంటుందా? అప్పటి వాచకాలన్నీ గ్రాంథికం. ఇంట్లో వస్తున్నాడు అనే కుర్రవాడు బడిలో వచ్చుచున్నాడు అని చదవాలి, అలాగే రాయాలి. పంతులు తెలుగు పాఠానికి మళ్లీ తెలుగులోనే అర్థం చెప్పాలి. ఇదేమిటని ముందుగా అడిగినవాడు తెల్లదొర కావడం విచిత్రం. ఆయన పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్సు. విశాఖపట్నం కాలేజీ ప్రిన్సిపాలు శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, రామమూర్తి ఆయనతో ఏకమయ్యారు.

ఫలితంగా 1912-13లో స్కూలు ఫైనలు విద్యార్థులు తెలుగు వ్యాసం వాడుక భాషలోనైనా రాయవచ్చునని అనుమతి వచ్చింది. పండితులు భగ్గుమన్నారు. జయంతి రామయ్య పంతులు ముందు నిలిచారు. వాడుక భాషను బడిలోకి రానిస్తే జిల్లాకొక తెలుగు తయారవుతుందని, పాత కావ్యాలు పిల్లలకు దూరమవుతాయని వారి భయం. అది తీసిపారేయదగ్గ భయమేమీ కాదు. కానీ గ్రాంథికం తప్పుల్లేకుండా రాయడం ఆ పండితులకే చేతకావడం లేదని రామమూర్తి వారి పుస్తకాల్లోంచే ఏరి చూపించారు. ప్రభుత్వం 1914లో కమిటీ వేసింది. సభ్యులు రెండుగా చీలిపోయారు, గురజాడ తన అసమ్మతిని విడిగా రాసి ఇచ్చారు. చివరకు 1915లో సర్కారు వెనక్కి తగ్గి, ఇచ్చిన అనుమతి తీసేసింది. ఆ ఏడే గురజాడ కన్నుమూశారు.

అప్పటికి రామమూర్తికి యాభై దాటాయి. చెవి వినబడదు. అయినా ఊరూరా సభల్లో మాట్లాడారు. 1919లో తెలుగు అనే మాసపత్రిక పెట్టి తన వాదం అచ్చులో నడిపారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. యాభై ఆరేళ్లు బతికిన ఊరు విడిచి ఆయన రాజమండ్రి చేరుకున్నారు. 1940 జనవరి 22న మరణించారు. తెలుగు బడి వాచకాలు వాడుక భాషలోకి మారింది స్వాతంత్ర్యం వచ్చిన తర్వాతే.

సవర పిల్లలు మరీ ఎక్కువ కాలం ఆగారు. 2004 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన భాషల్లో వాచకాలు తయారుచేయించినప్పుడు, ఆ ఎనిమిది భాషల్లో సవర ఒకటి. పర్లాకిమిడి మాస్టారి వాచకాలు అచ్చయి అప్పటికి తొంభై ఏళ్లు దాటింది.