ఇంజన్ గీసిన మనిషి - విలియం హార్లే

హార్లే-డేవిడ్‌సన్ అనే పేరు వినని కుర్రాడు మన హాస్టల్లో ఉండడు. సినిమాల్లో హీరోలు నడిపే ఆ లావాటి బండి బొమ్మ పెట్టె మూత మీద అంటించుకున్న వాళ్లూ మనలో ఉన్నారు. కానీ అందులో హార్లే ఎవరో, డేవిడ్‌సన్ ఎవరో చాలామందికి తెలియదు. నిజానికి డేవిడ్‌సన్‌లు ముగ్గురు అన్నదమ్ములు, హార్లే ఒక్కరే. ఇంజన్ బొమ్మ గీసింది ఆ ఒక్కరే.

విలియం సిల్వెస్టర్ హార్లే 1880 డిసెంబరు 29న అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, మిల్వాకీ నగరంలో జన్మించారు. తల్లిదండ్రులు ఇంగ్లాండు నుంచి బ్రతుకుతెరువు కోసం వలస వచ్చిన వాళ్లు. 15 ఏళ్ల వయసులోనే ఆయన సైకిళ్ల ఫ్యాక్టరీలో పనికి కుదిరారు. ఆ తర్వాత డ్రాయింగు పని నేర్చుకున్నారు. చిన్ననాటి స్నేహితుడు ఆర్థర్ డేవిడ్‌సన్‌తో కలిసి, తొక్కకుండా నడిచే సైకిల్ చేయాలని కలగన్నారు.

1901లో, అంటే తనకు 20 ఏళ్లప్పుడు, సైకిల్‌కు బిగించే చిన్న ఇంజన్ బొమ్మ గీశారు. దాని సామర్థ్యం 116 సి.సి. మాత్రమే. ఫ్లైవీల్ వ్యాసం 4 అంగుళాలు. ఇంజన్ తయారై, పరీక్షించేసరికి 1903 వచ్చింది. చదును రోడ్డు మీద బాగానే నడిచింది. మిల్వాకీలోని ఎత్తుల దగ్గర మాత్రం పెడల్ తొక్కనిదే ఎక్కలేకపోయింది. ఇద్దరూ దాన్ని పక్కన పెట్టేశారు. రెండేళ్ల శ్రమ పోయిందని ఏడుస్తూ కూర్చోలేదు. కొత్త ఇంజన్ 405 సి.సి., ఫ్లైవీల్ 9.75 అంగుళాలు, బరువు 13 కిలోలకు దగ్గర. సైకిల్ ఫ్రేము దాన్ని మోయలేదు కనుక ఫ్రేము కూడా కొత్తది చేశారు. ఇదంతా డేవిడ్‌సన్ వాళ్ల పెరట్లో, 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవున్న చెక్క షెడ్డులో జరిగింది. మన హాస్టల్ గదులు అంతకంటే పెద్దవే!

ఇక్కడ ఆయన చేసిన పని నాకు అన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది. బండి నడిచింది, కొనేవాళ్లు దొరుకుతున్నారు. అలాంటప్పుడు ఎవరైనా చదువెందుకనుకుంటారు. హార్లే మాత్రం మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్‌లో చేరారు. ఖర్చుల కోసం విద్యార్థుల వసతి గృహంలో భోజనాలు వడ్డించారు. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. సెలవుల్లో కూలి పనికి వెళ్లి పరీక్ష ఫీజు కట్టుకున్న వాళ్లకి ఆ వడ్డన విలువ వేరే చెప్పనక్కర్లేదు.

1907లో కంపెనీ అధికారికంగా ఏర్పడింది. డిగ్రీ పూర్తి చేసుకుని వచ్చిన హార్లే చీఫ్ ఇంజనీరుగా స్థిరపడ్డారు.

1909లో రెండు సిలిండర్ల వి-ట్విన్ ఇంజన్ వచ్చింది. 811 సి.సి., 7 గుర్రాల శక్తి. పేరు గొప్పే గానీ అది సరిగ్గా పనిచేయలేదు. ఆ రోజుల్లో పెట్రోలు-గాలి మిశ్రమం లోపలికి వచ్చే వాల్వును పిస్టన్ పీల్పే తెరిచేది. ఒక సిలిండర్‌కు సరిపోయిన ఈ పద్ధతి రెండింటికి కుదరలేదు. దానికితోడు తోలు బెల్టు జారిపోయేది. 1910లో ఆ మోడల్‌నే ఆపేశారు. 1911లో వాల్వును క్యామ్ ద్వారా యంత్రమే తెరిచేలా మార్చి, బెల్టు బిగించే ఏర్పాటు చేసి మళ్లీ తెచ్చారు. ఈసారి నిలబడింది. సిలిండర్ల మధ్య కోణం 45 డిగ్రీలు, రెండు కనెక్టింగ్ రాడ్లూ ఒకే క్రాంక్ పిన్ను మీద ఉంటాయి. అందుకే పేలుళ్లు సమాన వ్యవధిలో రావు, 315 డిగ్రీలకు ఒకటి, 405 డిగ్రీలకు ఒకటి. కుర్రకారు మెచ్చుకునే ఆ తడబడే శబ్దం వెనక ఉన్న లెక్క ఇదే. 2016లో విడుదలైన మిల్వాకీ-ఎయిట్ ఇంజన్‌లోనూ అదే 45 డిగ్రీల కోణం.

తర్వాత క్లచ్, 1915 నాటికి మూడు గేర్లు వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధానికి సుమారు 20,000 బండ్లు వెళ్లాయి.

1929 తర్వాత ఆర్థిక మాంద్యం. 1933లో కంపెనీ 4,000 బండ్లు కూడా తయారు చేయలేకపోయింది. అలాంటి కాలంలోనూ కొత్త ఇంజన్ పని ఆపలేదు. 1936లో దాదాపు 1000 సి.సి. ఇంజన్ విడుదలైంది. వాల్వులు సిలిండర్ పైభాగంలో ఉంటాయి, శక్తి 40 గుర్రాలు. అంతకుముందు ఇంజన్లలో నూనె ఒకసారి వాడితే పోయినట్టే. ఇందులో పంపు నూనెను ట్యాంకు నుంచి ఇంజన్‌కు, మళ్లీ ట్యాంకుకు తిప్పుతుంది. మొదటి ఏడాది నూనె కారిపోయి కొన్నవాళ్లు విసుక్కున్నారు. ఒక్కొక్కటే సరిచేశారు. పైన మూతలు బిగించిన పిడికిలి కణుపుల్లా ఉంటాయని జనం దానికి నకిల్‌హెడ్ అని పేరు పెట్టుకున్నారు.

2010లో ఈ కంపెనీ మన దేశంలో షోరూములు తెరిచినప్పుడు హైదరాబాదులోనూ ఒకటి తెరిచింది. అక్కడ అద్దంలోంచి చూసిన మన వాళ్లు చాలామందే ఉంటారు.

హార్లే చివరిదాకా చీఫ్ ఇంజనీరుగానే ఉన్నారు. 1943 సెప్టెంబరు 18న మిల్వాకీలోనే, 62 ఏళ్ల వయసులో, గుండెజబ్బుతో కన్నుమూశారు. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. ఆయన కంపెనీ చేసిన 740 సి.సి. సైనిక బండ్లు ఫ్యాక్టరీ నుంచి ఇంకా బయలుదేరుతూనే ఉన్నాయి.