కార్ల్ గుస్టాఫ్ యుంగ్

కార్ల్ గుస్టాఫ్ యుంగ్ (జులై 26, 1875 - జూన్ 6, 1961) స్విట్జర్లాండుకు చెందిన ప్రముఖ మనోవైద్యుడు, విశ్లేషణాత్మక మనస్తత్వశాస్త్ర స్థాపకుడు. మనుషులలో అంతర్ముఖులు, బహిర్ముఖులు అనే విభజనకు ప్రాచుర్యం కల్పించాడు. ఒకే కష్టానికి వేర్వేరు మనుషులు వేర్వేరుగా ఎందుకు స్పందిస్తారో అర్థం చేసుకోవడానికి ఈయన సిద్ధాంతం తోడ్పడింది.

బాల్యం, విద్య

యుంగ్ కెస్‌విల్ గ్రామంలో జన్మించాడు. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. బాసెల్ విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్రం అభ్యసించి, 1900లో జ్యూరిచ్‌లోని బుర్గ్‌హోల్జ్లి మానసిక వైద్యశాలలో చేరాడు. 1903లో ఎమ్మాను వివాహమాడాడు.

ఫ్రాయిడ్‌తో మైత్రి, విభేదం

1907లో వియన్నాలో సిగ్మండ్ ఫ్రాయిడ్‌ను కలుసుకున్నాడు. ఫ్రాయిడ్ ఈయనను తన వారసునిగా భావించాడు. 1910లో అంతర్జాతీయ మనోవిశ్లేషణ సంఘానికి యుంగ్ తొలి అధ్యక్షుడయ్యాడు. 1911లో ఆల్ఫ్రెడ్ ఆడ్లర్, 1913లో యుంగ్ ఫ్రాయిడ్‌కు దూరమయ్యారు. ఆ తరువాత యుంగ్ తీవ్రమైన మానసిక సంక్షోభానికి లోనయ్యాడు. మనసులో మెదిలిన భయానక దృశ్యాలను వ్రాసి, బొమ్మలుగా చిత్రించాడు. రోగుల చికిత్సను, కుటుంబ బాధ్యతలను మాత్రం విడువలేదు. ఆ వ్రాతప్రతి 2009లో 'ఎర్ర పుస్తకం' పేరుతో ప్రచురితమైంది.

వ్యక్తిత్వ రకాలు

ఒకే మనోవ్యాధిని ఫ్రాయిడ్, ఆడ్లర్ భిన్నంగా వివరించడం యుంగ్‌ను ఆలోచింపజేసింది. చూసేవారి స్వభావంలోనే భేదమున్నదని ఆయన తలచాడు. ఈ ఆలోచన 1921లో 'మానసిక రకాలు' అనే గ్రంథంగా వెలువడింది. బహిర్ముఖుని శక్తి బయటి మనుషులు, సంఘటనల వైపు, అంతర్ముఖుని శక్తి తన లోపలి భావాల వైపు ప్రవహిస్తుంది. ఆలోచన, అనుభూతి, సంవేదన, స్ఫురణ అనే నాలుగు వృత్తులను వీటితో కలిపి ఎనిమిది రకాలను వర్ణించాడు.

సంక్షోభంలో మనిషి

ఆపదలో ఒకరు పదిమందిని ఆశ్రయిస్తారు, మరొకరు ఏకాంతం కోరుతారు. మొదటివారిది పిరికితనమనీ, రెండవవారిది నిర్లక్ష్యమనీ అనుకోనక్కరలేదు. అయితే ఎవరైనా తమ స్వభావానికే పూర్తిగా అతుక్కుపోతే, అణగి ఉన్న రెండవ పార్శ్వం అదుపు తప్పి బయటపడుతుందని యుంగ్ భావించాడు. కనుక సంక్షోభం మనిషిలోని లోటును కూడా చూపుతుంది. ఈ రకాలను మనుషులపై ముద్ర వేయడానికి వాడరాదని ఆయన హెచ్చరించాడు.

ప్రభావం, విమర్శ

అమెరికాలో కాథరీన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసాబెల్ మయ్యర్స్ ఈ సిద్ధాంతం ఆధారంగా ఒక ప్రశ్నావళి రూపొందించారు. ఉద్యోగ శిక్షణలో అది విస్తృతంగా వ్యాపించింది. మనుషులను గిరి గీసినట్లు రకాలుగా విడదీయడాన్ని మనస్తత్వ శాస్త్రవేత్తలు పలువురు విమర్శించారు. అంతర్ముఖ, బహిర్ముఖ లక్షణాలు అందరిలోనూ హెచ్చుతగ్గులుగా ఉంటాయన్నది వారి అభిప్రాయం.

చివరి రోజులు

1937-38లో యుంగ్ భారతదేశంలో పర్యటించాడు. 1944లో గుండెపోటుకు గురై కోలుకున్నాడు. 1961లో కుస్నాక్ట్‌లోని స్వగృహంలో మరణించాడు.